దారి చూపే ఫోనుకు మన ఊరు తెలుసా?

ఈ వారం మనం ఆలోచించబోయే అంశం మీకు కొంచెం కొత్తగా అనిపించవచ్చు. మీ ఫోనులో దారి చూపే మ్యాపు ఏది ఉండాలి? వాటిలో మన ప్రాంతాన్ని బాగా ఎరిగినది ఏదో ఎలా తెలుసుకోవాలి?

ఇది ప్రసంగానికి తగిన అంశమేనా అని కొందరు అడగవచ్చు. తగినదే అని నేనంటాను. ఎందుకంటే మన సంఘాలు ప్రయాణం చేసే సంఘాలు. డిసెంబరు వచ్చిందంటే రాత్రిపూట ఇంటింటికీ క్రిస్మస్ కేరల్స్. జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఉజ్జీవ సభలు. వేసవిలో పెళ్లిళ్లు. సంవత్సరం పొడవునా గృహకూడికలు, భూస్థాపన కార్యక్రమములు. వ్యానులో పదిహేనుమంది ఎక్కుతారు. స్త్రీలు ఉంటారు, చంటిబిడ్డలు ఉంటారు. డ్రైవరు ఆ ప్రాంతానికి కొత్తవాడు. ముందు అద్దం దగ్గర ఒక ఫోను. ఆ ఫోను కుడికి అంటే కుడికి, ఎడమకు అంటే ఎడమకు. ఆలోచించండి! ఆ రాత్రి పదిహేనుమంది ప్రాణాలు ఆ ఫోను మాటమీద ఉన్నాయి. అటువంటప్పుడు ఆ మాట ఎంతవరకు నమ్మదగినదో ముందుగా పరీక్షించుకోవడం పెద్దల బాధ్యత కాదా?

మొదట ఒక సంగతి స్పష్టం చేసుకుందాం. దారి చూపే ఫోనులో రెండు వేర్వేరు పనులు జరుగుతాయి. ఒకటి, నీవు ఎక్కడ ఉన్నావో తెలుసుకోవడం. రెండు, అక్కడినుండి ఎటు వెళ్లాలో చెప్పడం. మొదటి పని ఆకాశంలోని ఉపగ్రహాలవలన జరుగుతుంది. రెండవ పని నేలమీద మనుష్యులు కూర్చిన మ్యాపువలన జరుగుతుంది. చాలామంది ఈ రెండింటినీ ఒకటిగా కలిపేసి, "ఉపగ్రహమే చెబుతోంది కదా, తప్పెలా అవుతుంది?" అంటారు. అక్కడే ప్రమాదం మొదలవుతుంది.

ఉపగ్రహం చేసే పని ఏమిటి? అమెరికావారి జీపీఎస్ ఉపగ్రహాలు భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ ఉంటాయి. ప్రతి ఉపగ్రహమూ తన స్థానాన్ని, సరియైన సమయాన్ని ఎడతెగకుండా ప్రకటిస్తూ ఉంటుంది. మన ఫోను కనీసం నాలుగు ఉపగ్రహాల మాట విని, ఏ మాట ఎంత ఆలస్యంగా చేరిందో లెక్కకట్టి, తాను ఎక్కడ ఉన్నదో తెలుసుకుంటుంది. 2000 మే నెల వరకు అమెరికా ప్రభుత్వం సామాన్య ప్రజలకు అందే సంకేతాన్ని కావాలనే కొంత మసకబరచి ఇచ్చేది. ఆ నెలలో ఆ అడ్డు తొలగించారు. ఈనాడు పైన ఆకాశం తేటగా కనిపించే చోట మామూలు ఫోను కూడా సుమారు 5 మీటర్ల తేడాతో మన స్థానం చెప్పగలదు. రష్యావారి గ్లోనాస్, ఐరోపావారి గెలీలియో, చైనావారి బైడూ కూడా ఇదే పని చేస్తున్నాయి.

మన దేశానికి కూడా సొంత ఏర్పాటు ఉంది. దాని పేరు నావిక్. దాని మొదటి ఉపగ్రహం 2013 జులై 1న మన శ్రీహరికోట నుండే వెళ్లింది. అయితే ఆ ఉపగ్రహాలలో కొన్నింటి గడియారాలు చెడిపోయాయి. 2025 జనవరి 29న పంపిన ఎన్‌వీఎస్-02 అనుకున్న కక్ష్యకు చేరలేకపోయింది. కనుక మన ఫోనులు ఎక్కువగా ఇతర దేశాల ఉపగ్రహాలమీదనే ఆధారపడుతున్నాయి.

ఇంతకూ నేను చెప్పదలచినది ఏమిటంటే, ఈ ఆకాశపు మాట అందరికీ ఒక్కటే. ఒకే ఫోనులో మీరు ఏ యాప్ పెట్టుకున్నా వినేది ఆ ఉపగ్రహాలనే. కనుక "ఏ యాప్ మంచిది?" అన్న ప్రశ్న ఉపగ్రహాల గురించిన ప్రశ్న కాదు. అది నేల గురించిన ప్రశ్న. ఎవరి మ్యాపులో మన ఊరి చెరువుకట్ట ఉంది? ఎవరి మ్యాపులో కూలిపోయిన కల్వర్టు ఇంకా నిలబడే ఉంది? ఇదే అసలు ప్రశ్న.

ఈ సందర్భంలో సంఖ్యాకాండము పదవ అధ్యాయంలోని ఒక చిన్న సంభాషణ జ్ఞాపకం వస్తుంది. ఇశ్రాయేలీయులు సీనాయి నుండి బయలుదేరుతున్నారు. వారికి పైన మేఘము ఉన్నది. అది లేస్తే వారు లేస్తారు, అది నిలిస్తే వారు నిలుస్తారు. అంత గొప్ప నడిపింపు ఉండగా మోషే ఏమి చేశాడు? తన అత్తవారి బంధువైన హోబాబును బతిమాలుకున్నాడు. మమ్మును విడిచి వెళ్లవద్దు, ఈ అరణ్యములో ఎక్కడ దిగాలో నీకు తెలుసు, నీవు మాకు కన్నులుగా ఉండాలి అని అడిగాడు. గమనించండి! పైనుండి నడిపింపు ఉన్నదని మోషే నేలను ఎరిగిన మనిషిని తక్కువ చేయలేదు. నీళ్లు ఎక్కడ దొరుకుతాయో, ఏ లోయ గుండా దారి ఉన్నదో అక్కడ పుట్టి పెరిగినవానికి తెలుసునని ఎరిగి అతని సహాయం కోరాడు. ప్రియులారా, మంచి మ్యాపు అంటే మన ఫోనులోని హోబాబు. అది నిజంగా ఈ ప్రాంతపు హోబాబేనా, లేక ఈ అరణ్యము ఎన్నడూ చూడని వాడా? దానిని మనం పరీక్షించాలి.

పరీక్షించకపోతే ఏమవుతుంది? ఇటీవలి సంవత్సరాల వార్తలే చెబుతాయి. 2023 అక్టోబరు 1వ తేదీన, అర్ధరాత్రి దాటాక, కేరళలోని కొచ్చి దగ్గర గోతురుత్తు వద్ద జోరువానలో ఒక కారు పెరియార్ నదిలోకి వెళ్లిపోయింది. ఇద్దరు యువ డాక్టర్లు చనిపోయారు. వారు ఫోను చూపిన దారిని అనుసరించి వచ్చారని, తిరగవలసిన మలుపు తప్పి ముందుకు వెళ్లారని వార్తలు వచ్చాయి. 2024 మే నెలలో మన హైదరాబాదు నుండి కేరళ చూడబోయిన నలుగురు కొట్టాయం జిల్లా కురుప్పంతర దగ్గర అలాగే ఫోను చూసుకుంటూ వాననీటిలో దారి, వాగు ఏకమైన చోట కారుతో సహా వాగులోకి వెళ్లిపోయారు. స్థానికులు, పోలీసులు వారిని బయటకు తీయగలిగారు. కారు మునిగిపోయింది. 2024 నవంబరు 24న ఉత్తరప్రదేశ్‌లోని బరేలీ జిల్లాలో రామగంగ నది మీద ఒక వంతెన నుండి కారు క్రిందపడి ముగ్గురు చనిపోయారు. ఆ వంతెన ముందు భాగం అంతకుముందే వరదలో కొట్టుకుపోయింది. మ్యాపులో మాత్రం దారి ఉన్నట్టే ఉంది. దారికి అడ్డంగా సరియైన కంచె గాని, హెచ్చరిక గాని లేదని వార్తలు తెలిపాయి.

ఈ మూడు సంఘటనలలో ఉపగ్రహం తప్పు చెప్పిందా? లేదు. కారు ఎక్కడ ఉన్నదో అది సరిగానే చెప్పి ఉంటుంది. లోపం నేల సంగతిలో ఉంది. నేలమీద జరిగిన మార్పు మ్యాపుకు తెలియలేదు, లేక చీకటిలో, వానలో మనిషి కన్ను ఆ మ్యాపును సరిచూసుకోలేకపోయింది.

సరే, మరి ఏ మ్యాపులు ఉన్నాయి? మన దేశంలో ముఖ్యంగా మూడు కుటుంబాలు ఉన్నాయని చెప్పవచ్చు.

మొదటిది అందరికీ తెలిసిన గూగుల్ మ్యాప్స్. ఇది 2005లో మొదలైంది. దీని బలం జనం. లక్షలాది ఫోనుల కదలికను బట్టి ఏ రోడ్డుమీద రద్దీ ఉన్నదో చెబుతుంది. పట్టణాలలో, జాతీయ రహదారులమీద దీనికి సాటి రావడం కష్టం. ఊళ్ల పేర్లు తెలుగు లిపిలో కూడా చూపుతుంది. బలహీనత కూడా జనమే. రోజుకు నాలుగు బండ్లు తిరిగే అడవి దారిలో దానికి కబురు చెప్పేవారు ఎవరు?

రెండవది మన దేశపు సంస్థ మ్యాప్‌మైఇండియా. 1995లో మొదలైంది. దాని యాప్ పేరు మ్యాపుల్స్. ఇది మొదటినుండి మన దేశపు రోడ్లమీదనే పని చేసిన సంస్థ. స్పీడ్ బ్రేకర్లు, ప్రమాదకరమైన మలుపులు ముందుగా హెచ్చరించడం దీని ప్రత్యేకత. కొన్ని కార్లలో కంపెనీవారు బిగించి ఇచ్చే మ్యాపు కూడా దీనిదే.

మూడవది ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్. ఇది 2004లో ఇంగ్లాండులో పుట్టింది. దీనికి యజమాని అంటూ వ్యాపార సంస్థ లేదు. ప్రపంచమంతటా స్వచ్ఛందంగా పనిచేసేవారు తమ ఊరి దారులను తామే గీసి చేర్చుతారు. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. ఆర్గానిక్ మ్యాప్స్, ఓస్మ్‌అండ్ అనే యాప్‌లు ఈ మ్యాపుతోనే నడుస్తాయి. రాష్ట్రం మ్యాపు మొత్తం ఫోనులో దించుకుంటే సిగ్నలు లేకున్నా దారి చూపుతాయి. అయితే ఒక విషయం. ఒక ఊరిలో ఆసక్తిగల యువకుడు ఒక్కడున్నా ఆ ఊరి సందు సందూ అందులో ఉంటుంది. ఎవరూ లేని ఊరిలో రోడ్డు ఒక గీతగా మాత్రమే ఉంటుంది, పేరు కూడా ఉండదు.

చూశారా? ఈ మూడింటిలో ఏదీ అన్నిచోట్లా మంచిది కాదు, ఏదీ అన్నిచోట్లా చెడ్డది కాదు. పట్నంలో ఉన్న మీ అబ్బాయి "ఇదే మంచిది నాన్నా" అని చెప్పిన మాట అతడున్న చోటికి నిజమే కావచ్చు. మీ మండలానికి నిజమా? అది మీరే తేల్చుకోవాలి. అందుకు నేను ఐదు పరీక్షలు చెబుతాను. ఒక ఆదివారం మధ్యాహ్నం యౌవనస్థులు నలుగురు కూర్చుంటే అయిపోయే పని.

మొదటి పరీక్ష, పేరు. మీ ఊరి పేరు తెలుగులో ఒకసారి, ఇంగ్లీషు అక్షరాలలో ఒకసారి రాసి వెదకండి. ఏ ఊరు వచ్చింది? మన రెండు రాష్ట్రాలలో రామాపురాలు ఎన్ని, కొత్తపల్లులు ఎన్ని, లక్ష్మీపురాలు ఎన్ని! ఒకే జిల్లాలో రెండు మూడు ఉంటాయి. పైగా జిల్లాలు మారాయి. తెలంగాణలో 2016 అక్టోబరు 11న 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. నెల్లూరు జిల్లాలో ఉన్న శ్రీహరికోట ఆ రోజున తిరుపతి జిల్లాలో చేరింది. మీ సభల కరపత్రం మీద పాత జిల్లా పేరు, మ్యాపులో కొత్త జిల్లా పేరు ఉంటే, వచ్చే ప్రసంగీకుడు వేరే ఊరికి వెళ్లిపోతాడు. మంచి యాప్ ఊరితోపాటు మండలం, జిల్లా కూడా చూపి, ఏది కావాలని అడుగుతుంది.

రెండవ పరీక్ష, చివరి మూడు కిలోమీటర్లు. జాతీయ రహదారిని ఏ మ్యాపైనా చూపుతుంది. అందులో గొప్ప లేదు. రహదారి దిగిన తరువాత ఏమవుతుంది? మీకు బాగా తెలిసిన మూడు ప్రయాణాలు ఎంచుకోండి. ఒకటి ప్రభుత్వాసుపత్రికి. ఒకటి దగ్గరలోని తండాకో, గూడేనికో, లంక గ్రామానికో. ఒకటి మీ మందిరానికి. ప్రతి యాప్‌లో ఆ మూడు దారులు అడిగి చూడండి. ఊరి పెద్దలు వెళ్లే దారినే చూపుతోందా? కాలువగట్టు మీద ఎడ్లబండి మాత్రమే వెళ్లే బాటను కారుదారి అంటోందా? నిరుడు వేసిన సిమెంటు రోడ్డు ఉందా? మూడింటికి మూడు సరిగా చెప్పిన యాప్‌ను ఉంచుకోండి. మీకు తెలిసిన చోటనే తప్పు చెప్పే యాప్‌ను తెలియని చోట ఎలా నమ్ముతారు?

మూడవ పరీక్ష, సిగ్నలు లేని చోటు. ఫోనులో డేటా ఆపివేసి, ఆ యాప్‌ను తెరిచి చూడండి. స్థానం తెలుసుకోవడానికి ఇంటర్నెట్ అక్కరలేదు. ఉపగ్రహాల మాటను ఫోను ఊరకనే వింటుంది. కాని మ్యాపు ముందుగా ఫోనులో లేకపోతే తెల్లని పలక మీద నీలి చుక్క ఒక్కటే కనిపిస్తుంది. రంపచోడవరం, పాడేరు దాటి లోపలికి వెళ్లే సేవకులకు ఈ సంగతి తెలుసు. గూగుల్ మ్యాప్స్‌లో కూడా ఒక ప్రాంతాన్ని దించుకోవచ్చు. అయితే అలా దించుకున్నప్పుడు కారు దారి చెబుతుంది గాని రద్దీ సంగతి చెప్పదు, నడక దారి చెప్పదు. దించుకున్న మ్యాపు కూడా మన్నా వంటిదే, చాలాకాలం నిలువ ఉంచకూడదు. ప్రయాణానికి ముందు ఇంట్లో వైఫై ఉన్నప్పుడు మళ్లీ తాజాగా దించుకోండి.

నాలుగవ పరీక్ష, దారి స్వభావం. ఈ పరీక్షలో చాలామంది తప్పిపోతారు. గూగుల్ మ్యాప్స్ 2017 డిసెంబరులో మన దేశంలో ద్విచక్ర వాహనాల కోసం ప్రత్యేకమైన దారి చూపడం మొదలుపెట్టింది. అది ఇరుకు సందులగుండా దగ్గరి దారి చూపుతుంది. మంచిదే. కాని మీ అబ్బాయి మోటారు సైకిలుకు పెట్టిన గుర్తును మార్చకుండా మీరు వ్యాను ఎక్కితే ఏమవుతుంది? వ్యాను సందులో ఇరుక్కుంటుంది. బయలుదేరే ముందు పైనున్న బొమ్మ కారుదా, బండిదా చూసుకోండి.

కోనసీమవారికి మరొక మాట. సఖినేటిపల్లికి, నరసాపురానికి మధ్య వశిష్ఠ గోదావరి ఉంది. అక్కడ పంటు మీద దాటడం ఎప్పటినుండో ఉన్న అలవాటు. మ్యాపు పంటు దారిని దగ్గరి దారిగా చూపవచ్చు. గోదావరికి వరద వచ్చినప్పుడు పంటు కదలదు. అప్పుడు చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరిగి వెళ్లాలి. ఆ సంగతి రేవు దగ్గర టీ కొట్టు అతనికి తెలిసినంతగా మ్యాపుకు తెలియదు. అలాగే వాగులమీది లోలెవల్ కాజ్‌వేలు, రైలు పట్టాల క్రింది వంతెనలు. ఎండాకాలంలో అవి దారులు. వానాకాలంలో అవి గోతులు. మ్యాపులో రెండు కాలాలకూ ఒకే గీత ఉంటుంది.

హైదరాబాదు వెళ్లేవారికి వేరొక చిక్కు. మెహదీపట్నం నుండి ఆరాంఘర్ వైపు సుమారు 11.6 కిలోమీటర్ల పొడవున పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే ఉంది. దాని క్రింద మామూలు రోడ్డు ఉంది. మీరు పైన ఉన్నారో, క్రింద ఉన్నారో ఫోను చాలాసార్లు గుర్తుపట్టలేదు, ఎందుకంటే రెండూ ఒకే గీత. కనుక ఫ్లైఓవర్ ఎక్కాలా వద్దా అన్నది ముందుగానే స్పష్టంగా చెప్పే యాప్‌ను పట్నం ప్రయాణానికి ఎన్నుకోండి.

ఐదవ పరీక్ష, దిద్దుబాటు. తప్పు లేని మ్యాపు లోకంలో లేదు. చెప్పితే దిద్దుకునే మ్యాపు ఏది? మీ వీధిలో ఒక తప్పు కనిపెట్టి మూడు యాప్‌లకూ తెలియజేయండి. ఒక నెల తరువాత చూడండి. ఎవరు దిద్దారో వారు మీ ప్రాంతపు మాట వింటున్నారని అర్థం. గద్దింపును అంగీకరించేవాడు జ్ఞానవంతుడని సామెతల గ్రంథం మనకు నేర్పలేదా? మ్యాపు విషయంలో కూడా అంతే.

ఇన్ని పరీక్షలు చేశాక నా సలహా అడిగితే ఇది చెబుతాను. ఒక్క యాప్‌తో సరిపెట్టుకోవద్దు. పట్టణానికి, రహదారికి రద్దీ చెప్పే యాప్ ఒకటి ఉంచుకోండి. పల్లెకు, ఏజెన్సీకి పూర్తిగా ఫోనులో దించుకున్న మ్యాపు ఒకటి ఉంచుకోండి. రెండూ ఒకే దారి చెబితే నెమ్మదిగా వెళ్లండి. రెండూ వేర్వేరు దారులు చెబితే ఆగండి, మనిషిని అడగండి. రెండు దారులు కనిపించిన చోట అడగడానికి సిగ్గుపడవద్దు.

ఇప్పుడు మరొక ముఖ్యమైన సంగతి. మనం ఇతరుల దగ్గరకు వెళ్లడం ఒక ఎత్తు. ఇతరులు మన దగ్గరకు రావడం మరొక ఎత్తు. 108 అంబులెన్సు మన ఉమ్మడి రాష్ట్రంలో 2005 ఆగస్టు 15న మొదలైంది. ఎన్ని కుటుంబాలను కాపాడిందో మీకు తెలుసు. అర్ధరాత్రి మీ ఇంట్లో పెద్దాయనకు గుండెనొప్పి వచ్చింది. మీరు ఫోను చేశారు. "రామాలయం పక్క సందు, వేపచెట్టు దగ్గర" అని చెప్పారు. పల్లెలో మన చిరునామాలు అలాగే ఉంటాయి. కొత్త డ్రైవరుకు ఆ వేపచెట్టు ఎలా తెలుస్తుంది?

దీనికి రెండు సాధనాలు ఉన్నాయి. గూగుల్‌వారి ప్లస్ కోడ్ ఒకటి. సుమారు 14 మీటర్ల చదరానికి ఒక చిన్న సంకేతం ఇస్తుంది. రెండవది మన తపాలా శాఖ 2025 మే నెలలో విడుదల చేసిన డిజిపిన్. దీనిని హైదరాబాదు ఐఐటీ, మన హైదరాబాదులోనే ఉన్న జాతీయ దూర సంవేదన కేంద్రం సహకారంతో తయారు చేశారు. దేశమంతటినీ సుమారు 4 మీటర్ల చదరాలుగా విభజించి, ఒక్కొక్క చదరానికి పది అక్షరాల సంకేతం ఇచ్చారు. అందులో మీ పేరు గాని, మీ వివరాలు గాని ఉండవు, స్థలం మాత్రమే ఉంటుంది. మీ ఇంటి సంకేతాన్ని ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి, ఇంట్లో ఫోను పెట్టే చోట గోడకు అంటించండి. ఇంటి ముంగిలిలో నిలబడి మ్యాపులో మీ లొకేషన్‌ను ఇంట్లోని పిల్లలందరూ పంపగలిగేలా నేర్పండి. అంబులెన్సు డ్రైవరుకు మండలం, ఊరు, పెద్ద గుర్తు కూడా చెప్పండి. ఒకటి తప్పినా రెండవది ఆదుకుంటుంది.

సంఘ పెద్దలకు ఒక మనవి. మన మందిరాలు మ్యాపులో ఉన్నాయా? ఉంటే సరియైన చోట ఉన్నాయా? కొన్నిచోట్ల మందిరం గుర్తు పొలం మధ్యలో ఉంటుంది. కొన్నిచోట్ల పాత మందిరం దగ్గరే ఉంటుంది. యౌవనస్థుల కూడికలో ఒక నెల ఈ పని పెట్టుకోండి. మందిరంతో ఆగిపోవద్దు. ఊరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, పాఠశాల, మంచినీళ్ల ట్యాంకు, తెగిపోయిన కల్వర్టు, ఎత్తయిన గట్టు, వరద వస్తే తలదాచుకునే భవనం, ఇవన్నీ సరిచూసి చేర్చండి. అది ఊరందరికీ మేలు. మన ఊరి కూలిన కల్వర్టును మనం తెలియజేయకపోతే, ఎవరో పొరుగు జిల్లా కుటుంబం రాత్రి ఆ దారిన వస్తుంది. వారికి చెప్పవలసినవారు మనమే. అయితే ఒక జాగ్రత్త. బహిరంగ స్థలాలను చేర్చండి. ఒంటరిగా ఉండే వృద్ధుల ఇళ్లు, విశ్వాసుల ఇళ్లు పేర్లతో సహా మ్యాపులో పెట్టవద్దు. అది వారి సొంత విషయం.

బండి నడిపే సహోదరులారా, మీకు కొన్ని మాటలు చెప్పాలి. గమ్యం బయలుదేరకముందే పెట్టుకోండి. దారి మొత్తం ఒకసారి వేలితో జరిపి చూడండి. ఎక్కడ నది దాటుతోంది, ఎక్కడ అడవి ఉంది, ఎక్కడ చిన్న రోడ్డులోకి తిప్పుతోంది, గమనించండి. బండి నడుపుతూ ఫోను ముట్టుకోవద్దు. పక్కన కూర్చున్నవారిని చూడమనండి. పదిహేను నిమిషాలు కలిసివస్తాయని రాత్రివేళ తెలియని అడ్డదారిలోకి దిగవద్దు. రోడ్డుమీద నీరు పారుతూ ఉంటే, ఫోను ఎంత ధైర్యంగా "నేరుగా వెళ్లండి" అని చెప్పినా, దిగవద్దు. ఆ గొంతుకు భయం లేదు, ఎందుకంటే అది మునిగిపోయేది కాదు. మునిగేది మనం. ఎదురుగా రోడ్డు కనిపించకపోతే రోడ్డు లేనట్టే లెక్క. ఆగి, వెనుకకు తిరగండి. ఆలస్యంగా చేరినందుకు ఏ సంఘమూ మిమ్మును నిందించదు. కూడిక పాటలతో కాసేపు సాగుతుంది. మీరు చేరకపోతే ఆ ఇంటి దుఃఖాన్ని ఏ పాట తీర్చగలదు?

మ్యాపులు ఇంకా మెరుగవుతాయి. 2021 ఫిబ్రవరి 15న కేంద్ర ప్రభుత్వం మ్యాపుల తయారీపై మన దేశపు సంస్థలకు ఉన్న అనేక ఆంక్షలను తొలగించింది. ఆ తరువాత పని వేగం పుంజుకుంది. సంతోషమే. కాని ఎంత మెరుగైనా, నిన్నటి రాత్రి వానకు మీ వాగు ఎంత పొంగిందో ఈ ఉదయానికి మ్యాపులోకి రాదు. దానిని చూసినవాడు ఆ గట్టున నిలబడి ఉన్న మనిషే.

మోషే హోబాబును అడిగినప్పుడు అతడు మొదట రానన్నాడు. చివరకు ఏమి చెప్పాడో ఆ అధ్యాయం తెలుపదు. కాని తరువాతి కాలంలో న్యాయాధిపతుల గ్రంథంలో అతని సంతతివారు ఇశ్రాయేలీయుల మధ్య ఆ దేశములోనే నివసిస్తూ కనిపిస్తారు. దారి ఎరిగినవారిని ప్రేమతో పిలిచి తోడు తీసుకున్న ప్రయాణం అది.

కనుక ప్రియులారా, ఈ వారమే ఆ ఐదు పరీక్షలు చేయండి. మీ ఊరిని ఎరిగిన మ్యాపును ఎన్నుకోండి. ఎరుగని మ్యాపుకు మీ ఊరిని నేర్పండి. దానితోపాటు రోడ్డు పక్కన నిలబడిన రైతును, గొర్రెలు కాసే తాతను, బస్టాండులోని ఆటో తమ్ముణ్ణి అడగడం మానవద్దు. మీ రాకపోకలన్నిటిలో దేవుడు మిమ్మును కాపాడి, క్షేమంగా ఇంటికి చేర్చును గాక. ఆమేన్.